జైబున్ మెసేజీ

ఒక మనిషిని మోస్తున్నాను. అసలు పుట్టని మనిషిని. ఏళ్లు గడిచాయి కానీ బరువు తగ్గలేదు. నా పేరు మీకు చెప్పను. పేరు చెప్పేంత ధైర్యమే ఉంటే ఇదంతా మీకెందుకు, చెప్పాల్సిన మనిషికే చెప్పేవాణ్ణి కదా. మీరు నాకు తెలియనివాళ్లు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

ప్రొద్దుటూరులో నాకు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. సొంత ఊరు పులివెందుల దగ్గర. చీనీ, అంటే బత్తాయి తోటలున్న ఇల్లు. మా నాయన ఒక మాటంటే ఊళ్లో ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఒక అలవాటు పడుతుంది. తన మాట జనం నమ్ముతారా లేదా అన్న అనుమానమే రాదు. ఆ అలవాటు నాకు బాగానే పనికొచ్చింది.

అంగడి చూసుకుంటూ కథలు రాస్తాను. పత్రికలకు పంపితే కొన్ని వచ్చాయి, చాలా రాలేదు. యాస ఎక్కువైందని ఒకరన్నారు, ఎవరికి అర్థమవుతుందని ఇంకొకరన్నారు. కోపమొచ్చి సొంతంగా ఒక కథల పాడ్‌కాస్ట్ పెట్టాను. అంగడి వెనక గోడౌనులోనే రికార్డింగు. విత్తనాల బస్తాలు చుట్టూ పేర్చి మధ్యలో కూర్చుంటే గొంతు మారుమోగదు. మందుల వాసన మాత్రం ముక్కులోకి కొట్టేది. నా కథ నేనే చదివి, రికార్డు చేసి విన్నాను. నాకే నిద్రొచ్చింది.

అప్పుడు ఖాదర్‌ను పట్టుకున్నాను. ఖాదర్‌ది జమ్మలమడుగు. ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగి ప్రచారం చెప్పేవాడు. కొత్త సినిమా వచ్చినా, బట్టలంగడి తెరిచినా, సంతలో పిల్లాడు తప్పిపోయినా ఆ చుట్టుపక్కల అదే గొంతు. తర్వాత అందరూ ఒకసారి రికార్డు చేసి దాన్నే తిప్పడం మొదలుపెట్టారు, అతనికి పని తగ్గిపోయింది. నేను పిలిస్తే ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. మామా అంటే మామా అనుకునే చనువు మాది.

అతనికి ఒక పట్టుదల ఉంది. కథను ముందుగా చదవడు. మైకు ముందు కూర్చున్నాకే కాగితాలు విప్పుతాడు. తడబడితే ఆగి మళ్లీ చదువుతాడు, ఆ ముక్కలు నేను తర్వాత కత్తిరించుకోవాలి. ముందే ఒకసారి చూసుకోరాదా అని విసుక్కుంటే, తెలిసినదాన్ని తెలియనట్టు చదివితే నోరు అబద్ధమాడినట్టు ఉంటుందని అనేవాడు. ఆ చదువులో నా కథకు ప్రాణమొచ్చేది. ఒక్కోచోట అతని గొంతు పట్టుకుపోయి ఆగిపోతే, ఆ వాక్యం రాసింది నేనే కదా అని నాకు ఎంత గర్వంగా ఉండేదో. ఆ తర్వాత చేసిందంతా ఆ గర్వం కోసమే. స్నేహం కోసమని, భాష కోసమని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కాదు.

వినేవాళ్లు లేరు. మా చెల్లెలు, అంగడికొచ్చే ఇద్దరు ముగ్గురు మొహమాటస్థులు, నేను. పాడ్‌కాస్ట్ మెయిలు, మెసేజీలు అన్నీ నేనే చూసేవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకొక్కడికే పూర్తిగా తెలుసు.

ఇంతలో ఖాదర్ బావమరిది కువైట్ నుంచి డ్రైవరు వీసా పంపుతానన్నాడు. జమ్మలమడుగులో ఖాదర్ ఇల్లు పునాదుల దగ్గరే ఆగిపోయి ఉంది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు పక్కనే రేకుల కొట్టంలో ఉంటున్నారు. ఎవరైనా పొమ్మనే అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం రికార్డింగు అయిపోయాక, కాగితాలు మడిచిపెడుతూ చెప్పాడు.

"పోతాండా మామా. ఈడ మనమే సదువుకుంటాండాం, మనమే వింటాండాం. ఎవురిక్కావాల ఈ కతలు?"

నా చేతిలో ఫోన్ ఉంది. తెర మీద ఏదో పురుగుమందు ప్రకటన, ఆకు తింటున్న పచ్చపురుగు బొమ్మ. దాన్నే చూస్తూ, ఒక మెసేజీ వచ్చింది మామా అన్నాను.

"యాడ నుంచి?"

"కువైట్ నుంచి. జైబున్ అంట. మన ముద్దనూరు పక్క పల్లె. ఆడ ఎవురింట్లోనో పని చేస్తాందంట."

"ఏం రాసినాది? సదువు."

పురుగును చూస్తూ చదివాను. పనిచేసే ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు ఒక చెవిలో మా కథ పెట్టుకుంటుందని, రెండో చెవి ఇంటావిడ పిలుపు కోసం ఖాళీగా ఉంచుకుంటుందని, ఈ అన్న చదువుతుంటే వాళ్ల నాయన తిట్టినట్టే ఉందని, ఏడుపొచ్చి చూసుకోక ఒక చొక్కా కాల్చేసి మాటలు పడిందని. ఎక్కడా తడబడలేదు. ఎన్నో రోజులు కూర్చుని కొట్టేసి, తిరగరాసిన కథల్లో కూడా నాకు మనిషి అంత తేలిగ్గా దొరకలేదు.

ఖాదర్ మడిచిన కాగితాలు మళ్లీ విప్పాడు.

"నేను ఆడికి పోతే ఆయమ్మకు కత సదివేదెవురు మామా?"

అప్పుడైనా నవ్వేయాల్సింది. ఊరికే అన్నానులే పో అని వీపు మీద చరిచి, బస్సెక్కించి పంపాల్సింది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. బావమరిది ఎదురుచూసి, ఆ వీసా ఇంకెవరికో ఇచ్చాడు. ఆ ఇంకెవరో ఇప్పుడు జమ్మలమడుగులో మేడ కట్టుకున్నాడు. ఖాదర్ నాకు ఆ మేడ చూపించాడు కూడా, ఏ బాధా లేకుండా. దారిలో కనిపించిందని చూపించాడు, అంతే.

ఆ తర్వాత మైకు ముందు కూర్చునే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. జైబున్ ఏమన్నా రాసినాదా అని. నేను ఫోన్ తీసేవాణ్ణి. ఒకసారి ఆమెకు జ్వరం, ఒకసారి ఇంటావిడ పండక్కి కొత్త చీర పెట్టింది, ఒకసారి పల్లెలో వానలు పడ్డాయా అని అడిగింది. కొన్నాళ్లకు ఖాదర్ గొంతే మారింది. ఒక చెవితోనే వింటుంది కదా అని నింపాదిగా చదవడం మొదలుపెట్టాడు. నేనూ ఆమె వింటున్నట్టే రాయసాగాను. నవ్వొస్తోందా మీకు? ఆ రోజుల్లో నేను రాసినవే నా మంచి కథలు.

రంజాన్ దగ్గరికొచ్చింది. ముద్దనూరు పోయి జైబున్ వాళ్లమ్మను చూసి, సేమ్యాలు ఇచ్చి వద్దామన్నాడు ఖాదర్. పల్లె పేరు కనుక్కోమన్నాడు. ఆమె ఇక వినడం మానేసిందని చెప్పొచ్చు. ఇంటావిడ ఫోన్ లాక్కుందని చెప్పొచ్చు. ఎన్ని దారులున్నాయి! నేను ఎంచుకున్నది వేరు. ఆమెతో ఒకే గదిలో ఉండే అమ్మాయి మెసేజీ పెట్టిందని, జైబున్ ఉన్నట్టుండి చనిపోయిందని, అక్కడే ఖననం చేశారని, వాళ్లమ్మ కూడా పల్లె విడిచి ఎక్కడికో వెళ్లిపోయిందని చెప్పాను. ఎందుకు? వినడం మానేసిందంటే కథ చప్పగా ముగుస్తుంది. నిజంగా ఇదే కారణం. ఇన్నేళ్లు తవ్వుకుని చూసినా ఇంతకంటే మంచి కారణం దొరకలేదు.

ఖాదర్ తన ఇంటికి పోయి, జైబున్ ఆత్మశాంతికని ఫాతిహా చదివించాడు. తీపన్నం వండించి మా అంగడిలో కూలీలకు పంచాడు. నాకూ ఆకులో పెట్టిచ్చాడు. తిన్నాను. ఆ వారం కాగితాలు ముట్టుకోలేదు. మైకు పెట్టమని, జైబున్ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. పరాయి ఇంట్లో ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి, ఒక చెవితో సొంత ఊరిని విన్న ఆడమనిషి గురించి. అందులో నా వాక్యం ఒక్కటీ లేదు.

దాన్ని జనం విన్నారు. ఒకరికొకరు పంపుకున్నారు. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి మెసేజీలు వచ్చాయి, ఈసారి నిజంగానే. నేనూ అలాగే వింటానన్నా అని ఒకామె. నేను వంటింట్లో అని ఇంకొకామె. జైబున్‌ను ఏ ఊళ్లో ఖననం చేశారో చెబితే సెలవు రోజున పోయి సమాధి దగ్గర దువా చేసి వస్తానని ఒకామె రాసింది. ఆమెకు ఇంతవరకూ జవాబివ్వలేదు. మా పాడ్‌కాస్ట్‌లో ఇప్పటికీ ఎక్కువమంది వినేది అదే. ఆ తర్వాత నా కథలు ఎన్ని పెట్టినా, జైబున్ గురించి ఇంకా చెప్పండి అనే అడుగుతారు.

ఖాదర్ భార్య అన్న మాట ఒకటుంది. వీసా పోగొట్టుకున్నాడని ఏడాదిపాటు మొగుడితో పోట్లాడిన మనిషి, జైబున్ పోయాక మెత్తబడింది. ఒకసారి వాళ్ల కొట్టానికి పోతే టీ ఇచ్చి, ఆ తల్లి మాదిరి మా మనిషి కూడా ఆడ పోయింటే మా గతేంది, నీ పుణ్యాన ఈడ్నే ఉండాడు అంది. నేను గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. పునాదుల్లో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. పెద్దపాప చదువు ఆపేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఖాదర్ బడి వ్యాను తోలుతున్నాడు. ఇక వీసా వచ్చే వయసు కాదు. పోయినవాళ్లను తలుచుకునే షబేబరాత్ రాత్రి వాళ్ల అమ్మానాయనల పేర్లతో పాటు జైబున్ పేరు కూడా తలుచుకుంటాడు.

ఇంతవరకు రాసిన ఈ కాగితాలు అతని ముందు పెట్టి ఊరుకుందామనే మొదట అనుకున్నాను. ముందుగా చదవడు కదా, చదువుకుంటూ పోతాడు, తెలుసుకుంటూ పోతాడు. పోయిన ఆదివారం పెట్టాను కూడా. అతను కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నా మనసులోకి ఏమొచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఏ వాక్యం దగ్గర గొంతు పట్టుకుపోతుందా అని ఆలోచిస్తున్నాను. నా తప్పును కూడా అతని గొంతులో వినాలని ఉంది నాకు. చటుక్కున కాగితాలు లాక్కుని, ఇది ఇంకా పూర్తి కాలేదు మామా అన్నాను. పూర్తయింది. నేనన్న ఆ మాట కూడా అబద్ధమే.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా ఆ పునాదుల మీద గోడలు లేవవు. రాశాక కొంచెం ఊపిరాడుతోంది, అంతవరకే. వచ్చే ఆదివారం అతను కూర్చుంటాడు, మెసేజీలేమన్నా వచ్చినాయా మామా అంటాడు. చెబుతానా? నా సంగతి నాకు తెలుసు కాబట్టి పెద్దగా ఆశ లేదు. అందుకే ఆ మాట ఇక్కడైనా ఒక్కసారి అతని పేరు పెట్టి అనేస్తాను.

ఖాదర్ మామా, ఆ రోజు నా ఫోన్‌లో ఉన్నది పచ్చపురుగు బొమ్మ. జైబున్ లేదు. అప్పటికి నీ కత విన్నోళ్లు ఎవరూ లేరు. నువ్వు కువైట్ పోయి ఉండాల్సింది.