లక్ష్మమ్మ ఇంట్లో సియోనె మాట్లాడిన తెలుగు

ఆ ఆదివారం సాయంత్రం ఆ గదిలో ఉన్నవాళ్లం ముగ్గురం. నేను, చర్చి సేవలో నా తోటివాడు సియోనె, ఇంటావిడ లక్ష్మమ్మ. పైకి కనిపించిన వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు రెండు, నవారు మంచం, నీళ్లు లేని ఎయిర్ కూలర్, గ్యాస్ స్టవ్, మూత పెట్టిన అన్నం గిన్నె, గోడ మీద ఒక కుర్రాడి ఫొటో. కిటికీ ఒకటే. అందులోంచి కోకాపేట టవర్లు కనిపిస్తాయి. ఇంతకు మించి అక్కడ నాకేదీ కనిపించలేదు. ఉందని నేను ఎవరితోనూ అనలేదు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కూకట్‌పల్లిలో పెరిగాను, ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేశాను, ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. దేవుణ్ణి నమ్ముతాను. రెండూ ఒకటే కదా అని ఆఫీసులో ఏడిపిస్తారు. ఒకటి కాదు. మా చర్చిలో దయ్యం పట్టిందని ఎవరినైనా ముందుకు తీసుకొస్తే నేను మొదట జ్వరం ఉందేమో చూసేవాణ్ణి.

చదువు అయ్యాక, ఉద్యోగంలో చేరకముందు, మా సంఘం తరఫున రెండేళ్లు సేవ చేశాను. మా పద్ధతిలో సేవకులు ఇద్దరిద్దరుగా ఉంటారు. ఒకరి కంటికి ఒకరు కనిపించకుండా ఉండకూడదు. ఒకే గది, ఒకేలాంటి తెల్ల చొక్కా. పొద్దున్నే లేచి బైబిల్ వాక్యం, తర్వాత భాష నేర్చుకోవడం, మధ్యాహ్నం నుంచి ఇళ్లకు వెళ్లడం. పిలిచిన ఇళ్లకే వెళ్లాలి. సినిమాలు లేవు. సోమవారం బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి వీడియో ఫోన్ చేసుకోవడం. వారానికి ఆ ఒక్క ఫోనే.

నాకు జతగా వచ్చినవాడు సియోనె. పసిఫిక్ సముద్రంలో టోంగా అనే చిన్న దీవుల దేశం వాడిది. వయసు ఇరవై. తలుపుల్లోంచి కాస్త వంగి రావాల్సినంత మనిషి, గొంతు మాత్రం మెత్తన. వాణ్ణి సాగనంపడానికి ఊరంతా విమానాశ్రయానికి వచ్చిందట. సేవ మధ్యలో తిరిగొచ్చినవాణ్ణి అక్కడ ఎవరూ ఏమీ అనరట, ఎవరూ మాట్లాడరట కూడా.

హైదరాబాద్ వాణ్ణి అంత మర్యాదగా చూడలేదు. గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ వాళ్లు వాణ్ణి మెయిన్ లిఫ్ట్ ఎక్కనిచ్చేవారు కాదు. టీ బండి దగ్గర ఐటీ కుర్రాళ్లు వాడి చేత తెలుగు బూతులు పలికించి వీడియోలు తీసుకునేవారు. వాడు నవ్వేవాడు. అర్థం తెలిశాక కూడా, మర్యాద కోసం, నవ్వేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, జోసెఫ్ గారు ఒక ఎత్తు. ఆయన మా ప్రాంతపు పర్యవేక్షకుడు. శనివారం కూడికలో సియోనెను నిలబెట్టి తెలుగు వాక్యం చదివించేవారు. నాలుగు నెలలైనా వాడికి తెలుగు రాలేదు. నేర్చుకున్న మాట మర్నాటికి ఉండేది కాదు.

"బ్రదర్, చిలకైనా ఈపాటికి స్తోత్రం అని ఉండేదండి," అన్నారు ఒక శనివారం, అందరి ముందు. అందరూ నవ్వారు. తర్వాత నవ్వకుండా ఇంగ్లీషులో చెప్పారు: నెలాఖరుకు తెలుగులో ఒక్క ఇంట్లోనైనా మాట్లాడకపోతే టికెట్ కొని వెనక్కి పంపిస్తాం.

ఆ రోజే వాడు ఉపవాసం మొదలుపెట్టాడు. ఉపవాసంతో పాటు ఇష్టమైనదొకటి వదిలిపెట్టడం మాలో ఉంది. నేను టీ మానేసేవాణ్ణి. సియోనె తన భాష మానేశాడు. తెలుగు వచ్చేదాకా తన భాషలో ఒక్క ముక్క మాట్లాడనని మొక్కుకున్నాడు. మంచం పక్కన మోకాళ్ల మీద ఉండి ఇంగ్లీషులో ప్రార్థించడం నా చెవులారా విన్నాను: నా నోట్లో ఉన్నది తీసేసుకో, వేరేది పెట్టు.

సోమవారం ఫోన్‌లో వాళ్లమ్మకు వాడు నవ్వులు మాత్రమే చూపించాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్కన వాడి చెల్లెలు అనా అన్నయ్య మొక్కు సంగతి వివరించింది. ఆమె అర్థమైనట్టు తలూపింది కానీ, ఫోన్ పెట్టేముందు తెర మీద వాడి నోటి దగ్గర వేలు పెట్టి తట్టింది. మాట్లాడరా అన్నట్టు.

తర్వాతి ఆదివారం లక్ష్మమ్మ ఇంటికి వెళ్లాం.

లక్ష్మమ్మది పాలమూరు వైపు. ఒక ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ పని. కొడుకు నరేష్ సెంట్రింగ్ పనిచేసేవాడు, రెండేళ్ల కిందట కడుతున్న భవనం మీంచి పడి చనిపోయాడు. మేం అంతకు ముందు ఆమెను చూడలేదు. కొడుకు గురించి ప్రార్థన చేయమని చర్చిలో ఎవరినో అడిగితే మమ్మల్ని పంపారు.

నేను కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. సియోనె వంగి తలుపు దాటి, చుట్టూ చూసి, విసుగ్గా అన్నాడు:

"అవ్వా, కూలర్ల నీళ్లు పొయ్యలేదా? గింత ఉక్క పోస్తుంటే గట్లనే కూసుంటవా? ఏం మనిషివే నువ్వు!"

మా ఇంట్లో అందరిదీ గోదావరి జిల్లాల మాట. నేను వాడికి నేర్పింది 'అమ్మగారు', 'అండి'. మాకు అవ్వ అంటే ముసలావిడ. పాలమూరు వైపు లాగా తల్లిని అవ్వా అని పిలవడం నేను నేర్పలేదు.

వాడు నేరుగా తలుపు వెనక్కి చెయ్యి పెట్టి నీళ్ల బకెట్ తీశాడు. నీళ్లు పోశాడు. స్విచ్ వేసి కూలర్ ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటి కొట్టాడు. అది తిరిగింది.

లక్ష్మమ్మ మంచం మీంచి లేచింది. భయపడలేదు. పరీక్ష పెట్టేవాళ్లలా అడిగింది.

"నా కొడుకు పోయిన నాడు పొద్దుగాల, పనికి పోయేటప్పుడు, నన్ను ఏమన్నడు?"

"నీ పాసిపోయిన అన్నం నువ్వే తిను, నీ మొఖం జూస్తే ఆకలి సస్తది అని అన్న," అన్నాడు సియోనె.

ఆమె వాడి చెంప మీద కొట్టింది. తర్వాత కొట్టిన తన చేతినే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "గదే అన్నడు. నేను ఎవ్వలకు జెప్పలే. గదే అన్నడు," అని చాలాసేపు అంటూనే ఉంది.

దారిలో సియోనెను ఇంగ్లీషులో అడిగాను, ఏం మాట్లాడావో తెలుసా అని. తెలుసట. తెలుగు వచ్చేసిందని సంతోషంతో వణుకుతున్నాడు. ఆ మాటలు ఎంత నీచంగా ఉన్నాయో చెబితే సంతోషం పోయి, ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. తనకు ఆ క్షణంలో ఆ తల్లి మీద కోపం వచ్చిందని, ఎందుకో తెలియదని అన్నాడు.

తెలుగు వచ్చింది కాబట్టి మొక్కు తీరింది. మర్నాడు సోమవారం. వాడు వాళ్లమ్మతో తన భాషలో మాట్లాడటం మొదలుపెట్టి, మధ్యలో ఆగాడు. ఉప్పు అనే మాట రాలేదు. నవ్వి, చేత్తో చూపించాడు. తర్వాత తలుపు రాలేదు. సముద్రం రాలేదు. చుట్టూ సముద్రమే ఉన్న ఊళ్లో పుట్టినవాడికి సముద్రం అనే మాట లేదు. ఆ మాట ఏదో నాకు తెలుసు. తాహి. వారం వారం పక్కనే కూర్చుని వినడం వల్ల నాకు కొన్ని మాటలు పట్టుబడ్డాయి. నేనే అందించాను. వాడు దాన్ని కొత్త మాటలా పలికాడు.

జోసెఫ్ గారు మాత్రం పొంగిపోయారు. శనివారం కూడికలో సియోనెను నిలబెట్టి మాట్లాడించారు. వాడు గిట్ల, గట్ల అంటూ ధారగా మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టించారు. అన్యభాషల వరం అన్నారు. చిలక సంగతి ఎవరికీ గుర్తులేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఒక్కొక్కటీ పరీక్షించాను. సెక్యూరిటీ వాళ్ల దగ్గర విని నేర్చుకున్నాడా? మాట వినొచ్చు, బకెట్ ఎక్కడుందో వినలేడు. ఉపవాసం వల్ల మెదడుకు ఏమైనా అయిందా? గచ్చిబౌలిలో ఒక డాక్టర్‌కు చూపించాను. స్కానింగ్ తీయించారు. మెదడు శుభ్రంగా ఉందన్నారు. ఇంగ్లీషు పోలేదు, జ్ఞాపకాలు పోలేదు, వాళ్లమ్మ వండే చేపల కూర రుచితో సహా గుర్తుంది. కూర పేరు మాత్రం లేదు.

టెస్టింగ్‌లో ఒక సూత్రం ఉంది. తప్పు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలిగితే సగం దొరికినట్టే. లక్ష్మమ్మ ప్రతి ఆదివారం పిలిచేది, మేం వెళ్లేవాళ్లం. నేను గమనించింది ఇది: లక్ష్మమ్మ ఇంటికి వెళ్లిన వారం వాడి మాటలు పోయేవి. నాకు జ్వరం వచ్చి వెళ్లలేకపోయిన వారం ఒక్కటీ పోలేదు. మళ్లీ వెళ్లాం. మళ్లీ పోయాయి.

ఆ ఇంట్లో వాడు ఆమెతో ప్రేమగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. కూర బాగాలేదనేవాడు, డబ్బులు అడిగేవాడు, నీ వల్లనే నాయిన పోయిండు అనేవాడు. నరేష్ బతికుండగా అన్న మాటలే తప్ప కొత్తవి ఒక్కటీ లేవని ఆమే చెప్పింది. బయటికి రాగానే సియోనె నా భుజం మీద తల పెట్టి ఏడ్చేవాడు. నెలాఖరు టికెట్ భయం పోయింది కదా, ఇక మానేద్దాం అన్నాను. ఆమె గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటుంది, తిట్టించుకోవడానికి కూడా ఎవరూ లేని మనిషి, ఎలా మానేస్తాం అన్నాడు.

మమ్మల్ని వేరే ప్రాంతానికి మార్చమని జోసెఫ్ గారిని అడిగాను.

"దేవుడు నీ జతగాడికి ఇచ్చాడు, నీకివ్వలేదు. అసూయ పాపమండి బ్రదర్," అన్నారు.

చివరికి లక్ష్మమ్మనే అడిగాను. సియోనెను గుమ్మం బయట, కనిపించేలా నిలబెట్టి, లోపల ఆమెకు అంతా చెప్పాను. అక్కడ వాళ్లమ్మతో మాట్లాడలేకపోతున్నాడమ్మా, మమ్మల్ని రావద్దని మీరే చెప్పండి అన్నాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"ఆమెకు కొడుకున్నడు గద, సారూ?"

"ఉన్నాడమ్మా. మాటే పోతోంది."

"మాట పోతేంది? రేపో మాపో ఇంటికి పోతడు. ఆమె ముంగట కూసుంటడు, అన్నం తింటడు. నాకు మనిషి లేడు. మనిషి ఆమె దగ్గరుండనీ, మాట నా దగ్గరుండనీ. సగం సగం." చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "నా కొడుకు తిట్టు నాది. నేనియ్య."

తర్వాతి ఆదివారం కూడా వెళ్లాం.

సేవ ముగిసే నెల. ఆఖరి సోమవారం ఫోన్. వాళ్లమ్మ చర్చి బట్టలు వేసుకుని కూర్చుంది. చాలాసేపు ఏదో చెప్పింది, చివర్లో రెండు మాటలు మళ్లీ మళ్లీ అంది. సియోనె తెర వైపు చూస్తూనే, పెదవులు పెద్దగా కదపకుండా, తెలుగులో నన్నడిగాడు.

"ఏమంటున్నదన్నా?"

ఒఫా అతు. ప్రతి ఫోన్ చివరా ఆమె అనేది అదే. నీ మీద ప్రేమ అని అర్థం. చెప్పాను. వాడు ఆ రెండు మాటలూ నా నోటి నుంచి విని, ఆమెకు తిరిగి అప్పజెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. నేను పలికినట్టే పలికాడని అనా నవ్వింది.

ఇది జరిగి మూడేళ్లు. వాడు వాళ్ల ఊళ్లో పడవల దగ్గర పనిచేస్తున్నాడు. అందరితో ఇంగ్లీషులో మాట్లాడతాడు. పోయిన మాటలను పిల్లల పుస్తకాలు పెట్టి నేర్పిస్తున్నారు, పొద్దునకి ఉండటం లేదు. సోమవారాలు నాకు ఫోన్ చేస్తాడు, తెలుగు మాట్లాడటానికి అక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి. ఆ తెలుగు పాలమూరు తెలుగే.

లక్ష్మమ్మ ఇప్పుడు చర్చికి రాదు. షేర్ ఆటో స్టాండ్‌లో కనిపిస్తే, "కొడుకు ఎట్లున్నడు?" అని అడుగుతుంది. ఎవరి కొడుకో అనదు.

పోయిన సోమవారం మాట్లాడుతుండగా వాళ్లమ్మ ఒక పళ్లెం తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు పళ్లెం పక్కకు నెట్టి, తల తిప్పకుండానే అన్నాడు: "ఏందే గీ తిండి? జర అవతలికి జరుగు, నీ మొఖం జూస్తే ఆకలి సస్తది."

ఆమె వాడి తల నిమిరింది. ఆ భాషలో వాడి గొంతు చాలా బాగుంటుందని అమ్మ అంటుందని చెప్పి, ఇంతకీ అన్నయ్య అమ్మతో ఏమన్నాడని అనా నన్ను ఇంగ్లీషులో అడిగింది.

ఒఫా అతు అన్నాడని చెప్పాను.

ఇది ఏమిటో నాకు తెలియదు. ఏ పరీక్షలోనూ తేలలేదు. తెలిసింది ఇంతే: ఆ రోజు ఫోన్ పెట్టేముందు లెక్క చూశాం. టోంగా భాషలో నాకు వచ్చిన మాటలు పద్నాలుగు. సియోనెకు రెండు.