అత్త చీర కింద పగడాలు

వన్ టౌన్‌లో కాపురం చేసినవాళ్ళకి మూతలు పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, బొగ్గుపొడో ఎర్రమట్టిపొడో తెలీదు, పొద్దున్న తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి మళ్ళీ మసిబారేది. మా ఇంట్లో బిందెలకి మూత, టీవీకి గుడ్డ, కుట్టుమిషనుకి ముసుగు, ఆఖరికి మేడ మీద ఆరేసిన వడియాల మీద కూడా పల్చటి పంచె. ఈ మూతలన్నిటి మీదా పెత్తనం మా అత్తది. ఆవిడ నాకు మేనత్త కూడా. అంచేత ఆవిడ తిట్టినా నేను పడేదాన్ని, నేను తిట్టినా ఆవిడ పడేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బావ, అంటే నా మొగుడు, ముందుగదిలో పెద్ద గాజుతొట్టి పెట్టాడు. ఆయన పోర్టు దగ్గర ఓ వర్క్‌షాపులో ఫిట్టరు. చేపలు అందరూ పెంచుతారు. ఈయనకి మాత్రం ఉప్పునీళ్ళలో బతికున్న పగడాలు కావాల్సొచ్చాయి. చెన్నైలో షాపువాళ్ళు నీళ్ళ సంచుల్లో పెట్టి రైల్లో పంపేవారు. అత్త వాటిని మొదటిసారి చూసి, “పగడాలంటే ఉంగరంలో ఉంటాయి గానీ, ఈ గెడ్డి ఏట్రా?” అంది.

పగడాన్ని తొట్టిలో పెట్టడానికి ఇంత తతంగం ఉంటుందని నేననుకోలేదు. కొమ్మలు కొమ్మలుగా ఉండే నీలంది పైన, వెలుగు తగిలేచోట, నీళ్ళు బాగా కదిలేచోట ఉండాలి. పుట్టగొడుగుల్లాంటివి అడుగున నీడలో హాయిగా ఉంటాయి. వేళ్ళు చాపుకుని ఊగేది ఇంకొకటుంది, అది తగిలిందంటే పక్కదాన్ని కాల్చేస్తుంది, దానికి చుట్టూ జాగా వదలాలి. బావ ఒక్కో ముక్కనీ పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడి చూసి, మళ్ళీ వచ్చి వేలెడు జరిపేవాడు. పెళ్ళిపీటల మీద నన్ను కూడా అంత శ్రద్ధగా చూళ్ళేదని దెప్పేదాన్ని.

ఆ ఏడు వానల్లో ఆయన వర్క్‌షాపులో నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీంచి ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

“తొట్టి లైటు మర్సిపోకే. పొద్దున్న ఎయ్యి, సాయంత్రం తీసెయ్యి.”

నేను మర్చిపోలేదు. కాకపోతే తొట్టికి పైన మూత లేదు, నోరు తెరుచుకునుండేది, అది అత్తకి మొదట్నించీ గిట్టేది కాదు. కొడుకు ఇంట్లో లేడు కదా, దుమ్ము పడి అవి చచ్చిపోతాయేమోనని తన పాత నేతచీర మడతలేసి తొట్టి మీద కప్పింది. కొసలు దోపింది నేనే. రోజూ ఠంచనుగా లైటు వేసేదాన్ని. తొట్టికి పైన వేలాడే ఆ లైటు పగలంతా అత్త చీర మీద వెలిగేది. ఇద్దరు ఆడవాళ్ళం, ఒక్కళ్ళకీ తట్టలేదు.

బావ ఇంటికొచ్చి ఎడంచేత్తో ఆ చీర తీశాడు. నీలం కొమ్మలు మట్టిరంగుకి తిరిగిపోయాయి. వేళ్ళు చాపేది ముడుచుకుపోయింది. కోప్పడితే బాగుండేది. “పారెయ్యి. ఇంకెందుకివి,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అసలు బెంగ పగడాల గురించి కాదు. కట్టు విప్పాక కూడా ఆయన చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. చెయ్యి సాగడానికి రోజూ గోడ మీద వేళ్ళు పైకి పాకించమని డాక్టరు చెప్పాడు. ఆయన కాస్త పాకించి, నొప్పని దింపేసేవాడు. చెయ్యి తలమీదకి లేవకపోతే ఫిట్టరు పనికి రాడు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతామని వర్క్‌షాపువాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదే ఆయన్ని తినేసింది. చేతిలో స్పానరు లేని మా బావ ఎలా ఉంటాడో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. నాకు చాలా భయమేసింది.

పగడాల్ని మాత్రం నేను పారెయ్యలేదు. స్టూలెక్కి, నాకు తోచిన వైద్యం మొదలుపెట్టాను. చీర కింద అన్నాళ్ళు వెలుగు లేక మాడింది కదా పాపం అని, నీలందాన్ని రాయి మీద రాయి పేర్చి సరిగ్గా లైటు కిందకి ఎత్తాను. మిగతావాటిని వంటింటి గూట్లో గ్లాసుల్లా వరసగా సర్దాను. మంచం మీంచి గొంతు వచ్చింది.

“ఏటి సేత్తన్నావే? పస్తులున్నోడికి ఒక్కపాలే కుండెడు కూడు ఎడతావేటి? మాడిపోద్ది. అడుగున ఎట్టు. కొన్నాళ్ళు పోయాక కాస్త పైకి, మరి కొన్నాళ్ళకి ఇంకాస్త పైకి.”

“అడుక్కి నా సెయ్యి అందదు.”

“ఆ ఏళ్ళు సాపేదాన్ని దూరంగా లాగు ముందు. పక్కదాన్ని కాల్సేత్తది.”

“నాకు రాదు బావా. వొచ్చి నువ్వే లాగు.”

నాకు ఒళ్ళు మండి అన్న మాటే అది. ఆయనకీ మండింది. లేచొచ్చి నన్ను దిగమని, స్టూలెక్కి ఎడంచెయ్యి పెట్టాడు. వాటంలేని చెయ్యి, ముక్క జారి ఇసకలో బోర్లాపడింది. తర్వాత ఎడంచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, పసిపిల్లని స్నానానికి దింపినట్టు, అంచు దాటించి నీళ్ళలోకి వదిలాడు. చెయ్యి నీళ్ళలో తేలింది. ముక్కని నిలబెట్టాక కూడా పైకి తియ్యకుండా, అటూ ఇటూ ఆడిస్తూ ఉండిపోయాడు.

“నీళ్ళల్లో అంత నొప్పి నేదే,” అన్నాడు.

ఆ ఉప్పునీళ్ళకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. డాక్టరు చెప్పినా, నేను ఏడ్చినా చెయ్యని పని అవి చేయించాయి.

ఆ రోజు నుంచీ ఆయనకి తొట్టిలో ఏదో ఒక పని తగిలేది. ముందు అడుక్కి దించిన నీలందాన్ని వారం గడిచాక కాస్త పైకి జరిపాడు. అది మొహం మాడ్చుకోకుండా ఉందో లేదో చూసి, మళ్ళీ కాస్త పైకి. ఈలోగా ఓ పొద్దున్న స్టూలు కనబడలేదు. “పక్కింటోళ్ళు అట్టుకెళ్నారు,” అంది అత్త. బావ పక్కింటివాళ్ళని తిట్టుకుంటూ పీటెక్కాడు. స్టూలు ఎక్కువ ఎత్తు, పీట తక్కువ. అంచు దాటించడానికి చెయ్యి ఇంకొంచెం లేపాల్సొచ్చింది. మధ్యాహ్నం ఊడుస్తుంటే అత్త మంచం కింద స్టూలు కనబడింది, దాని మీద శుభ్రంగా గుడ్డ కప్పుంది. గుడ్డ సర్ది మళ్ళీ మంచం కిందకే తోసేశాను. ఆ చీర కప్పినందుకు అత్త ఎంత కుమిలిపోతోందో అప్పుడు తెలిసింది. ఇంకొన్నాళ్ళకి పీట కూడా “ఇరిగిపోనాది.” బావ నేల మీద నిలబడి, భుజమెత్తునున్న అంచు మీంచి పళ్ళు బిగబట్టి చెయ్యి పెట్టేవాడు. రోజూ తిట్టేవాడు, రోజూ పెట్టేవాడు.

చలికాలం వెళ్ళేసరికి కొమ్మల చివర్లు నీలంగా తిరిగాయి. బావ దాన్ని తీసుకెళ్ళి పాతచోటే, పైరాయి మీద పెట్టి, దూరంగా వెళ్ళి చూసి, వచ్చి వేలెడు జరిపాడు. అత్త కూడా వచ్చి చూసింది. చూసి ఊరుకుంటుందా, లోపలికెళ్ళి అదే నేతచీర పట్టుకొచ్చింది. బావ మొహం చూసి ముందే చెప్పేసింది.

“తొట్టి మీద కాదురా నాయనా. కిటికీకి కట్టు. దుమ్ము అక్కడే ఆగిపోద్ది.”

“ఈ ముసల్దానికి దుమ్ము గోల తప్పితే ఇంకోటి నేదు,” అని విసుక్కుంటూ ఆయన చీర కొస అందుకున్నాడు. కిటికీ పైన ఒక మేకుంది. నిలబడ్డ మనిషి తలకన్నా బాగా ఎత్తు. ఆయన మాట్లాడుతూనే కుడిచెయ్యి ఎత్తి ఆ మేకుకి ముడేశాడు. రెండో కొస తీసుకుని అవతలి మేకు వైపు నడిచాడు. తనేం చేశాడో ఆయనకింకా తెలీదు.

నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ నా వేళ్ళు నలిపేసింది. గొంతు మాత్రం మామూలుగానే పెట్టింది.

“సరిగ్గా నేదురా,” అంది. “ఇంకాస్త పైకి.”