అచ్చియమ్మ ఆడిన అబద్ధం

హుకుంపేట కొండల్లో అచ్చియమ్మకి గుట్టు మనిషని పేరు. పచ్చకామెర్లకి ఏ వేరు తవ్వుతుందో కన్నకొడుక్కి కూడా చెప్పలేదు మహాతల్లి! వైద్యం నేర్చుకుంటామని అడవికి వెంట నడిచినవాళ్లకే చూపించేది.

అలాంటి మనిషి దగ్గరికి మఫ్టీలో ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "బేబి మీ మనవరాలేనా? ఎలాంటి పిల్ల?" అని ఆరా తీశాడు. బూట్లు చూసి పోలీసని పసిగట్టింది అచ్చియమ్మ. ఆమె ఎరిగినంతలో పోలీసులు మంచికి కొండెక్కింది లేదు.

"అలాటి గుంట ఈ ఊర్లోనే నేదు" అంది, ఏరుతున్న కాఫీ పళ్లమీంచి చూపు తిప్పకుండా. ఊరంతా అదే పాట పాడింది.

సాయంత్రం బేబి ఫోన్ చేసింది. విశాఖ వైపు అణుశక్తి ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష నెగ్గిందట. ఇక క్లియరెన్సు రావాలట.

"అదేటే?"

"ఈ మనిషికి రహస్యం అప్పగించొచ్చా అని సర్కారు చూసుకోడం మామ్మా. అక్కడ కాగితాల మీద 'గోప్యం', 'రహస్యం', 'అతి రహస్యం' అని రాసుంటాది. క్లియరెన్సు వచ్చినా అన్నీ చూడనివ్వరు. ఎవరి పనికి ఏది అవసరమో అంతే."

"నీ పనేటి మరి?"

"అది సెప్పకూడదు. అన్నట్టు, ఊర్లోకి ఎంక్వయిరీకి ఎవరైనా వచ్చేరా?"

ఆ పోలీసు ఎందుకొచ్చాడో అచ్చియమ్మకి అప్పుడర్థమైంది. పిల్ల కష్టపడి సంపాదించుకున్న కూడు తన నోటితోనే నేలపాలు చేసింది!

తెల్లారగానే జీపెక్కి పాడేరు వెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక పోలీస్ స్టేషన్ గడప తొక్కడం అదే మొదలు. ఎస్సై కొండబాబు ముందు నిలబడి, "బాబూ, నానబద్దమాడేను. బేబి నా కొడుకు కూతురే. తప్పు నాది. దాని ఉద్యోగం తీసీకండి" అంది.

"నిన్న లేదన్నావు, ఇవాళ ఉందంటున్నావు. ఏది నమ్మాలి మామ్మా? పోనీ, అక్కడ ఏం పని చేస్తుందో చెప్పు."

"తెల్దు బాబూ. అడిగినా సెప్పనేదు."

"సొంత మామ్మకే చెప్పలేదా?"

అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి తలెత్తింది. "నాకెందుకు సెప్తాది? ఆ పని నాను సేత్తానా ఏటి?"

ఎస్సైకి నవ్వాగలేదు. కానిస్టేబుల్‌ని మళ్లీ ఊరికి పంపాడు. ఈసారి ఊరు నోరు విప్పింది, మూయించడమే కష్టమైంది.

బేబికి క్లియరెన్సు వచ్చింది. ఆ పిల్ల ఏం పని చేస్తుందో అచ్చియమ్మకి ఇప్పటికీ తెలీదు. తెలీదని సంతలో పదిమందికీ చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి!