తొమ్మిది సంతకాల టీసీ

ఒక మనిషి, ఎవరూ పొమ్మనకుండానే, తొమ్మిది మంది చేత సంతకాలు పెట్టించుకుని మరీ రోడ్డున పడగలడా? పడగలడు. నేను పడ్డాను. ఇందులో విధికి గానీ, గ్రహాలకు గానీ, గిట్టనివాళ్ళకు గానీ ఎలాంటి ప్రమేయం లేదు. ఘనత మొత్తం నాదే. వేరే ఎవరైనా వాటా అడిగితే ఒప్పుకోను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. యలహంకలో ఒక చిన్న కాలేజీలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం పూర్తిచేశాను. కింద బేకరీ, పైన కాలేజీ. పదకొండు గంటలకు పఫ్‌లు పొయ్యిలోంచి బయటికి తీసేవాళ్ళు. ఆ తర్వాత ఏ సిద్ధాంతమూ మా బుర్రల్లోకి దిగేది కాదు. అయినా నాకు క్లాసులో ఫస్టు మార్కులు వచ్చాయి. క్లాసులో మేం పద్నాలుగు మందిమి అన్న సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ఆ మార్కులతో నాకో జబ్బు పట్టుకుంది. ఈ కాలేజీ నాకు చాలదు అనిపించసాగింది. ఊరికి అవతల ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అద్దాల గోడలు, పచ్చిక బయళ్ళు, వాటి మీద కూర్చుని ఏదో గొప్ప విషయం మాట్లాడుకుంటున్నట్టు కనిపించే విద్యార్థులు. అక్కడ రెండో సంవత్సరంలో బయటి కాలేజీల వాళ్ళను చేర్చుకుంటారు, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిని. దరఖాస్తు పెట్టాను, రాతపరీక్ష రాశాను, ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది.

మెయిల్ చివర పత్రాల జాబితా ఉంది. మార్కుల కార్డులు, ఆధార్, ఫొటోలు, ఒరిజినల్ టీసీ. టీసీ అంటే తెలుసుగా, ‘ఈ కుర్రాడు మా కాలేజీ వదిలేశాడు, ఇక వీడికీ మాకూ సంబంధం లేదు’ అని రాసిచ్చే కాగితం. ఆ జాబితా పైన ‘ఎంపికైనవారు చేరే రోజున తేవలసినవి’ అని స్పష్టంగా రాసుంది. నేను చదవలేదనుకునేరు, చదివాను. చదివి, ‘ఎంపికైనవారు అంటే నేనే కదా’ అనుకున్నాను. ఇంటర్వ్యూ కాగానే అక్కడికక్కడే చేరిపోతే రెండోసారి బస్సెక్కే పని తప్పుతుందని నా దూరాలోచన.

మా నాన్న చిక్కపేటలో పట్టుచీరల అంగట్లో పనిచేసేవాడు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే విషయం చెప్పాను.

“సీటు వచ్చినాదా అప్పా?”

“వచ్చినట్టే నాన్నా.”

“వచ్చినట్టే అంటే? వచ్చినాదనా, రాలేదనా?”

“ఇంటర్వ్యూ ఒక్కటే ఉండాది. అది ఊరికే మాట్లాడేదానికి పిలుస్తారు.”

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. “మా అంగట్లో చీర కొనేదానికి వచ్చినామె దాన్ని భుజాన ఏసుకుని అద్దంలో చూసుకుంటాది. నవ్వుతాది కూడా. అంతమాత్రాన ఆ చీర అమ్ముడుపోయినట్టు కాదప్పా.”

“చదువుకూ చీరకూ పోలికేంది నాన్నా!” అన్నాను. ఆ రోజుల్లో నాకు జాలి ఎక్కువ. ముఖ్యంగా నాకంటే తక్కువ తెలిసినవాళ్ళ మీద.

మర్నాడు కాలేజీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ సూపరింటెండెంట్ రేణుకమ్మ గారు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ.

“టీసీనా? యాకప్పా, ఎందుకు? సీటు కన్ఫర్మ్ అయిందా?”

“అయినట్టే మేడం.”

“ఒకసారి బయటికి పోతే మళ్ళా లోపలికి వచ్చేది కష్టం. తెలిసిందా?”

“మళ్ళీ వచ్చే పని లేదు మేడం.”

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఒక ఫారం తీసిచ్చారు. కాలేజీ వస్తువులేవీ నా దగ్గర లేవని తొమ్మిది మంది సంతకాలు పెట్టాలి. బుద్ధున్నవాడైతే సంతకాలు పెట్టించుకుని వచ్చేస్తాడు. నేను మాత్రం సంతకానికొక సలహా చొప్పున ఇచ్చుకుంటూ వెళ్ళాను. పోతున్నాను కదా, ఉన్నవాళ్ళన్నా బాగుపడాలని. లైబ్రరీలో పుస్తకాల దుమ్ము గురించి చెప్పాను. ల్యాబులో కంప్యూటర్ల వయసు గురించి చెప్పాను. స్పోర్ట్స్ రూములో స్ట్రైకర్ లేని క్యారమ్ బోర్డు గురించి చెప్పాను.

తొమ్మిదో సంతకం మా విభాగం హెడ్ వెంకటరమణ సార్‌ది. హిందూపురం మనిషి. పసుపురంగు తిరిగిపోయిన నోట్సు ఒకటి పట్టుకుని, అందులోంచే పాఠం చెప్పేవారు.

“సార్, ఏమీ అనుకోకపోతే ఒక మాట.”

“చెప్పప్పా.”

“ఆ నోట్సు మార్చండి సార్. చానా పాతదైపోయింది.”

“ఇంకా?”

“బోర్డు మీద అక్షరాలు చిన్నగా ఉండాయి సార్. వెనక బెంచీకి కనపడవు.”

“నువ్వు ముందు బెంచీ కదా?”

“వాళ్ళ తరఫున చెప్తున్నాను సార్.”

ఆయన తలూపి సంతకం పెట్టారు. “బాగా చదువుకో అప్పా” అన్నారు. ఆ గొంతులో వెటకారం ఏమైనా ఉందేమోనని ఆ తర్వాత ఎన్నోసార్లు వెతికాను. లేదు. అదే ఇప్పటికీ బాధ.

ఫారం చివర ‘కాలేజీ విడిచి వెళ్ళడానికి కారణం’ అని అరలైను ఖాళీ ఉంది. అందరూ ‘పై చదువుల కోసం’ అని రాస్తారు. నేను రెండు పేజీలు రాసి జతచేశాను, నంబర్లు వేసి, పదిహేడు అంశాలు. రేణుకమ్మ గారు వాటికి స్టేప్లర్ కొడుతూ, “ఇన్నేళ్ళలో ఇంత రాసినోడు నువ్వొక్కడే” అన్నారు. మెచ్చుకున్నారనుకుని థాంక్స్ చెప్పాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న మేడం, “మీ కాలేజీ ఎందుకు వదలాలనుకుంటున్నారు?” అని అడిగారు. పదిహేడు అంశాలూ నోటికి వచ్చు కనుక అప్పజెప్పాను. అయిదో అంశం పాత నోట్సు. అంతా విని, ఆవిడ బోర్డు దగ్గరికి పంపి ఒక లెక్క ఇచ్చారు. మెట్టు మెట్టుగా చేసి చూపించాను.

“చాలా శుభ్రంగా చేశారు. ఏ పుస్తకంలోది ఈ పద్ధతి?”

“మా సార్ నోట్సులోది మేడం.”

“ఇందాక పాతదన్నారు, ఆ నోట్సేనా?”

నేను సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నాను. చేతులకున్న సుద్దకి కావలసినదానికంటే ఎక్కువసేపే దులుపుకున్నాను. ఆ తర్వాత వాళ్ళు నా ఫైలు తిరగేశారు.

“టీసీ కూడా తెచ్చేశారా! ఎవరు తెమ్మన్నారు?”

“సమయం కలిసొస్తుందని, నేనే...”

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వైద్యులు అలా చూసుకుంటే రోగికి విషయం అర్థమైపోతుంది. నాకు కాలేదు. వారం తర్వాత వాళ్ళ వెబ్‌సైటులో పేర్లు పెట్టినప్పుడు అర్థమైంది. ఆరు పేర్లున్నాయి, ఆరూ వేరేవాళ్ళవి.

అంటే ఏమిటో మీకు తెలుస్తూనే ఉంది కదా. ఆ విశ్వవిద్యాలయం నన్ను తీసుకోలేదు, ఈ కాలేజీ నన్ను పంపించేసింది. ఊళ్ళో కాలేజీలన్నిటా క్లాసులు మొదలైపోయాయి. ఎక్కడా చేరకపోతే ఏడాది గంగపాలు. నాన్న అప్పటికే అంగట్లో అందరికీ చెప్పుకున్నాడు. యజమాని ఆయన భుజం తట్టి మైసూర్‌పాక్ తెప్పించాడట. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, “పదప్పా, మీ సార్‌ని అడుగుదాం” అన్నాడు.

రేణుకమ్మ గారు మమ్మల్ని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. కొత్త ఫారం ఒకటి తీసి ముందుకు తోశారు.

“ఇతర కాలేజీల నుంచి మారేవాళ్ళకి ఇదే.”

“మేడం, నేను ఇతర కాలేజీ కాదు కదా. ఈ కాలేజీనే.”

“టీసీ తీసుకున్నాక నువ్వు మా హుడుగ కాదప్పా, మా పిల్లోడివి కాదు. నువ్వెవరో మాకు తెలీదు. ఇంటర్వ్యూకి వెంకటరమణ సార్ దగ్గరికి పో.”

నాన్న బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల సార్ ముందు నేను నిలబడ్డాను. సార్ నా ఫారం మొదటిసారి చూస్తున్నట్టు చదివారు.

“ఇప్పుడు ఏ కాలేజీలో ఉండావు?”

“ఏ కాలేజీలోనూ లేను సార్.”

“మరి ఏ కాలేజీ నుంచి మారుతుండావు?”

“ఈ కాలేజీ నుంచే సార్.”

“ఏ కాలేజీకి?”

“ఈ కాలేజీకే సార్.”

సార్ శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత సొరుగులోంచి స్టేప్లర్ కొట్టిన రెండు కాగితాలు బయటికి తీశారు. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

“చేరేముందు మా కాలేజీ సంగతులు తెలుసుకోవాల కదా. పాత విద్యార్థి ఒకాయన రాసిచ్చినాడు, చానా తెలివైనోడు. ఇక్కడ లైబ్రరీ దుమ్మంట. నోట్సు పాతదంట. బోర్డు మీద అక్షరాలు కనపడవంట. సర్దుకుంటావా?”

“సర్దుకుంటాను సార్.” ఆ కాగితాల వైపు చూడకుండా అన్నాను. “సార్, ఆ రోజు అట్ల మాట్లాడింది తప్పు సార్. సిగ్గుగా ఉండాది.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తప్పేం లేదులే, సగం నిజమే. శుక్రవారం లిస్టు పెడతాం, చూసుకో.”

శుక్రవారం పొద్దున్నే నాన్నతో వెళ్ళాను. అప్పటికి నా బెంచీ ఖాళీగా ఉంది, దాని మీద నేను బ్లేడుతో చెక్కుకున్న నా పేరు కూడా ఉంది. పోటీకి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అయినా నోటీసు బోర్డు దగ్గరికి దాదాపు పరుగెత్తాను. కాగితం మీద పైన ‘రెండో సంవత్సరం బీఎస్సీ: ఎంపికైనవారు’ అని ఉంది. దాని కింద ‘ఎవరూ లేరు’. ఇంకా కింద ‘వెయిటింగ్ లిస్టు’. అందులో ఒకే ఒక పేరు.

నేను లేచి వచ్చేసిన బెంచీ కోసం, నా వెనక ఎవరూ లేని వరుసలో, మూడు రోజులు ఎదురుచూశాను. సోమవారం సార్ పిలిచి క్లాసులో కూర్చోమన్నారు. ఆ మూడు రోజులూ నాన్న, “ఎవరన్నా తప్పుకుంటారేమో చూద్దాంలే అప్పా” అని నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు. ఆయన ముఖంలో నవ్వు దాచుకోవడానికి ఎంత కష్టపడ్డాడో ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది.

అప్పుడే సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో, రాబోయే జన్మల్లో, రెండోచోట పూర్తిగా కూర్చోకుండా మొదటిచోటు నుంచి లేవను గాక లేవను. ఆ ప్రతిజ్ఞను మెట్రోలో కూడా పాటిస్తున్నాను. స్టేషను వచ్చి, బండి ఆగి, తలుపులు పూర్తిగా తెరుచుకున్నాకే సీట్లోంచి లేస్తాను. నేను చేరేలోపే తలుపులు మూసుకుపోయి, ఈ నెలలో మా ఆఫీసుండే కుందలహళ్ళిలో నాలుగుసార్లు దిగలేకపోయాను, ఆఫీసుకి నాలుగుసార్లు ఆలస్యంగా వెళ్ళాను. అయినా సరే, ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.