నోట్లో శనక్కాయ విత్తనం

నా చిన్నప్పుడు మా ఊరి బావి నీళ్ళు ఉప్పగా ఉండేవి. పావగడ చుట్టుపక్కల చాలా పల్లెలది అదే కథ కాబట్టి ఆ ఉప్పు మాకు తెలిసేది కాదు. వేరే ఊరి చుట్టాలు ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తే మాకు నవ్వొచ్చేది. తియ్యనీళ్ళు కావాలంటే నిడుగల్లు కొండ దిక్కుగా నడిచి, చేనులోనే ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండే ఒక పెద్దామె బావికి పోవాలి. పప్పు మెత్తగా ఉడకాలన్నా, బాలింతకు తాగించాలన్నా ఆ నీళ్ళే. ఎంతమంది వచ్చినా ఆమె ఎవరినీ కాదనేది కాదు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం బావి మీది గిలక ఊడదీసి, చేంతాడు చుట్టి ఇంట్లో పెట్టేసుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అప్పటికే మా ఊరి బావి అడుగంటి, బిందెలో నీళ్ళకంటే బురద ఎక్కువ పడుతోంది. మా ఇంట్లో మా చిన్నమ్మ పచ్చి బాలింత. ఊరి పెద్దమనుషులు పోయి ఆమెకు నచ్చజెప్పి చూశారు, గద్దించి చూశారు. ఆమె గడప మీద కూర్చుని అంతా విని, లేచి లోపలికి పోయి తలుపేసుకుందట.

ఊరంతా ఆమెను తిట్టిపోస్తుంటే మా అవ్వ మాత్రం ఒక్క మాట అనలేదు. మా నాయనను కన్న తల్లి ఆమె. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ ఎదుటివాళ్ళ మాటల్ని మహా శ్రద్ధగా వినేది. ఆ పెద్దామెకు ఒక్కగానొక్క కొడుకు. ఏదో మాటా మాటా వచ్చి, ఇల్లు విడిచి బళ్ళారి దిక్కు పనికని పోయినవాడు మళ్ళీ జాడ లేడు. నీళ్ళకు పోయిన ప్రతి ఆడమనిషీ బిందె ముంచుతూ కొడుకు కబురేమైనా తెలిసిందా అని అడిగేది. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు, అందరూ ప్రేమగానే అడిగేవాళ్ళు. పాపం ఆమె మాత్రం బిందె బిందెకూ లేదని చెప్పుకోవాలి. "నీళ్ళు ఎన్నైనా ఇచ్చింది గానీ, ఆ జవాబు ఇయ్యలేక గిలక తీసేసింది" అంది మా అవ్వ.

మరునాడు పొద్దున్నే ఆమె దగ్గరికి బయలుదేరుతూ మా అవ్వ నన్ను వెంట రమ్మంది. చిన్నపిల్ల ఉంటే తలుపు తెరుస్తుందని ఆమె ఆలోచన. మా అమ్మ అడ్డుపడింది. నేనేమో నోట్లో నువ్వుగింజ నానని రకం. బడి మేష్టరును పళ్ళు కట్టించుకున్నారా అని అందరి ముందూ అడిగిన ఘనత నాది. "దీన్ని తోడుకొని పోతే ఉన్న తలుపు గూడా పోతాది అత్తా" అంది మా అమ్మ. మా అవ్వ నవ్వి, నడుముకు కట్టుకునే చిన్న వక్కాకు తిత్తిలో ఇన్ని వేయించిన శనక్కాయ విత్తనాలు పోసుకుని నడిచింది.

గడప దాటుతుంటే పక్కింటి అత్త "దూరమా?" అని పలకరించింది. బయలుదేరిన మనిషిని యాడికని అడగడం మా వైపు మంచిది కాదు. మా అవ్వ దాన్నే పట్టుకుంది. దారి పొడుగునా నాకు చెబుతూనే ఉంది, పెద్ద ఆడవాళ్ళ దగ్గర మాట ఎట్లా మొదలుపెట్టాలో, ఏది అడగకూడదో. గొర్రెలున్న ఆమెను ఎన్నున్నాయని అడగవద్దంది. ఒంటరిగా ఉన్నామెను రాత్రిపూట భయం వెయ్యదా అనవద్దంది. చూడగానే ఇట్లా చిక్కిపోయినావేమి అనడం అన్నిటికంటే పాపమంది. నేను అన్నిటికీ తల ఊపుతూనే, మరైతే ఏమడగాలి అన్నాను. అప్పుడు తిత్తిలోంచి విత్తనాలు తీసి నా గుప్పిట్లో పోసింది.

"నోటికి ఏదన్నా అడగాలని వచ్చిందంటే ఒక ఇత్తనం ఏసుకో పాపా. మెల్లిగా నమిలి మింగు. అప్పుడు గూడా అదే అడగాలనిపిస్తే అడుగు, నేనేమీ అనను" అంది.

ఆ ఇంటి ముందు మా అవ్వ "అక్కా" అని ఒక్కసారి పిలిచి అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మేము నీళ్ళ మాట ఎత్తుతామని ఆ పెద్దామె కాచుకుని ఉన్నట్టు నాకే తెలిసిపోయింది. మా అవ్వ ఎత్తలేదు. ఆమె పెరట్లో కాసిన అలసందల గురించి మాట్లాడింది. నేను మాత్రం తలుపు పక్కన ఉన్న మగవాళ్ళ తోలు చెప్పులు చూశాను. వాటికి నూనె రాసి ఉంది. నిన్నో మొన్నో రాసినట్టు మెరుస్తున్నాయి. ఎవరివని అడగాలని నాలుక పీకేస్తోంది. విత్తనం వేసుకున్నాను. నమిలి మింగాను, ఇంకా పీకుతూనే ఉంది. మళ్ళీ వేసుకున్నాను. గుప్పిట్లోవి అట్లా అయిపోతూ ఉంటే నాకు గొంతెండిపోయి దగ్గు పట్టుకుంది.

ఆ పెద్దామె గబగబా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. గటగటా తాగేశాను. శనక్కాయలు తిన్న నోటికి ఆ నీళ్ళు బెల్లం కలిపినట్టున్నాయి. చెప్పుల సంగతి నిజంగానే మరిచిపోయాను.

"మా బాయి నీళ్ళు ఉప్పగుంటాయి. మీ బాయి నీళ్ళు ఎందుకింత తియ్యగుండాయి పెద్దవ్వా?" అని అడిగాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత నా పక్కనే చతికిలబడి కూర్చుంది. "మా ఇంటాయన ఆ దిక్కు తవ్వుదామన్నాడు. ఈడ తవ్వమని పోరినది నేనే" అని మొదలుపెట్టింది. మండే ఎండల్లో ఆ ఒక్కచోట గరిక పచ్చగా ఉండటం చూసిందట. ఊరివాళ్ళు నవ్వినా పట్టు విడవలేదట. తవ్వినన్నాళ్ళూ మట్టి గంపలు తనే మోసిందట. బండ అడ్డం పడి మగవాళ్ళు వదిలేద్దామంటే, తాను బావిలోకి దిగి కూర్చుని పైకి రానందట. అది చెప్పేటప్పుడు ఆమె మెడ నిటారుగా నిలిచింది. ఇంతమంది ఇన్నాళ్ళూ ఆమెకు జరిగినదాని గురించి అడిగారు గానీ, ఆమె చేసినదాని గురించి ఒక్కరూ అడగలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఆమె లేచి లోపలినుంచి గిలక, చేంతాడు, ఒక బిందె తెచ్చింది. "పాప ఇంటికి పొయ్యేతలికి మళ్ళీ దప్పికవుతాది. ఇంత తోడుకొని పోండి" అంది. అడగకుండానే. ఆ సాయంత్రం మా చిన్నమ్మ తియ్యనీళ్ళు తాగింది. ఆమె దగ్గర కొడుకు మాట ఎత్తవద్దని మా అవ్వ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పింది, గిలక మళ్ళీ ఊడలేదు. కొన్నాళ్ళకు నీళ్ళకు పోయినప్పుడు ఆ పెద్దామే చెప్పులు చూపించి, "మావోనివి. తోలు ఎండిపోకూడదని నూనె పెడతాండా" అని తనంతట తానే నాకు చెప్పింది. ఊరంతా అడిగి అడిగి కూడా రాబట్టలేని కొడుకు మాట నా ఒక్కదానికి చెప్పిందని నాకు ఎంత గర్వమో.

ఇప్పుడు బోర్ల దెబ్బకు ఆ బావి ఎండి పూడిపోయింది. మా మనవరాలు సోలార్ పార్కులో ఉద్యోగం చేస్తోంది. భూములిచ్చిన పల్లెల్లో ఆడవాళ్ళను కలిసి మాట్లాడటం దాని పని. ఒక ముసలామె తనను చూసి మొహం తిప్పుకుందని మొన్న చిన్నబుచ్చుకుని వచ్చింది. ఏమడిగినావే అన్నాను. భూమి పోయినందుకు బాధగా ఉండాదా అని అడిగిందట. నేను నడుముకున్న తిత్తి విప్పి దాని చేతిలో విత్తనాలు పోసి, తియ్యనీళ్ళ బావికి పోయే దారిలో మా అవ్వ నాకు చెప్పిన మాటే దానికీ చెప్పాను. అప్పటినుంచి అరవై ఏళ్ళు దాటినా నా తిత్తి ఏనాడూ ఖాళీగా లేదు. తర్వాతి వారం మనవరాలు ఒడి నిండా ఆ ముసలామె ఇచ్చిన అనపకాయలతో వచ్చింది. ఏ చేన్లో ఏ పంట బాగా వచ్చేదని అడిగితే, ఆ ముసలామె దాని చెయ్యి పట్టుకుని కంచె పొడుగునా నడిపించి, ఒక్కొక్క వరుస సోలార్ పలకల కిందా తాను పండించినవన్నీ చెప్పిందట.

నా మనవరాలు రోజూ ఇంటికి రాగానే మోకాళ్ళ నొప్పి ఎట్లుంది, మాత్రలు వేసుకున్నావా అని నన్ను అడిగేది. ఆ రోజు అడగబోయి ఆగింది. ఒక విత్తనం నోట్లో వేసుకుని, మెల్లిగా నమిలి, నా పక్కన కూర్చుంది.

"అవ్వా, ఆ బాయి నీళ్ళు ఎంత తియ్యగుండేవి?" అంది.

ఇంతసేపూ నేను చెప్పుకొచ్చింది ఆ ప్రశ్నకు జవాబే.