మూడో పాటలో ఆగిన చోటు

గ్రంథాలయంలో అందరూ ఆయన్ని చీటీలాయన అంటారు. ఆ పేరు రాకముందు ఇరవై రెండేళ్ళపాటు ఆయన బైండరు. జిగురు వాసన గోడలకు కూడా పట్టేసిన కింది అంతస్తు గదిలో కూర్చుని, చిరిగిన పుస్తకాలకు కొత్త అట్టలు కట్టేవాడు. పాతవి కుట్టించడం కన్నా కొత్తవి కొనడమే నయమని పైవాళ్ళకు తోచిన రోజున ఆ గదికి తాళం పడింది. ఆయన్ని మేడ మీది సంగీత విభాగానికి పంపారు. సంగీతం గురించి ఆయనకు తెలిసిందల్లా ఒకటే: పక్కింటివాళ్ళు రేడియో పెడితే కిటికీ ఎంత గట్టిగా వేసినా లాభం లేదని.

వెళ్ళిన వారానికే గ్రంథాలయాధికారి పిలిచి ఒక జాబితా చేతిలో పెట్టింది. ఆవిడ ఆయన కన్నా పదేళ్ళు చిన్నది. మాట మెత్తన, పని దగ్గర మాత్రం నిక్కచ్చి.

"ఐదేళ్ళుగా ఒక్కరూ తీసుకెళ్ళని రికార్డులండీ ఇవి. మూడు వందల పదకొండు. సంవత్సరం ఆఖరుకల్లా తీసేయాలి. ఆ గది పిల్లల విభాగానికి కావాలి."

"విని తీసేయాలా, వినకుండానా?" అని అడిగాడాయన.

ఆవిడ నవ్వింది. "ఓపికుంటే వినండి."

సరదాకి అన్న ఆ మాటను ఆయన నిజంగానే పట్టుకున్నాడు. పేజీలు తిప్పి చూడకుండా ఏ పుస్తకాన్నీ చెత్తబుట్టలో వేసి ఎరగడు. రికార్డుకైనా అంతే అనుకున్నాడు.

జాబితాలో ముప్పాతిక వంతు జాజ్ అనే అమెరికా సంగీతం రికార్డులు. ఎవరో పోస్టుమాస్టరు పోతూ పోతూ రాసిచ్చిన సేకరణ అది. మొదటి పది రోజులూ ఆయనకు తల తిరిగిపోయింది. పాట ఎక్కడ మొదలైందో తెలీదు, ఎక్కడ ముగిసిందో అంతకన్నా తెలీదు. ఒక ఆదివారం ఒకటి ఇంటికి తెచ్చి పెట్టాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే భార్య, ఉతికిన బట్టలు మడతపెడుతూ కాసేపు విని, "ఏవండీ, వీళ్ళు మొదలుపెట్టారా, ఇంకా సామాన్లు సర్దుకుంటున్నారా?" అంది.

"నాకూ అదే అర్థం కావట్లా," అన్నాడాయన నిజాయితీగా.

పదకొండో రోజున ఒక అట్ట అంచు ఊడిపోతే జిగురు పెట్టి అతికిస్తున్నాడు. పక్కన రికార్డు తిరుగుతోంది. పియానో, మంద్రంగా మోగే నిలువెత్తు తీగల వాద్యం బేస్, డ్రమ్ములు, ముగ్గురే మనుషులు. కాసేపయ్యాక చూసుకుంటే ఆయన చేతిలో కుంచె ఒక నడకలో పడి కదులుతోంది. పియానోతో కాదు, డ్రమ్ములతోనూ కాదు. కింద ఎక్కడో, ఎవరూ పట్టించుకోని చోట, బేస్ తన మానాన తాను అడుగులు వేసుకుంటూ పోతోంది. ఆ అడుగుల మీదే పై ఇద్దరి ఆటంతా నిలబడి ఉంది. ఆయన కుంచె పక్కన పెట్టి, సూదిని మళ్ళీ మొదటికి తెచ్చాడు. ఆ పూట అదే రికార్డు నాలుగు సార్లు విన్నాడు. అట్ట అంచు అతుక్కోకుండానే జిగురు ఎండిపోయింది.

మర్నాడు ఒక చిన్న కాగితం ముక్క మీద, అందరికీ కనబడే గుండ్రటి అక్షరాల్లో ఇలా రాసి అట్టకు తగిలించాడు. "ముగ్గురే వాయిస్తారు. మొదటిసారి పియానో వినండి. రెండోసారి పియానోను వదిలేసి, కింద నడిచే బేస్‌ను పట్టుకోండి. అప్పుడది వేరే రికార్డులా వినిపిస్తుంది."

అలా మొదలయ్యాయి చీటీలు. గొడుగు బొమ్మ ఉన్న ఎర్ర అట్ట మీద, "ఈవిడ పాడుతున్నట్టుండదు, మన పక్కన కూర్చుని నిన్న ఏం జరిగిందో చెబుతున్నట్టుంటుంది. జాజ్ అంటే బెదిరేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టండి" అని రాశాడు. ఇంకో దాని మీద, "సాక్సోఫోన్ ఆయన మొదటి వైపంతా కోపంగా ఉంటాడు. ముందు రెండో వైపు వేయండి, అక్కడ కాస్త శాంతంగా ఉన్నాడు." మరోదాని మీద, "ఇందులో మాటల్లేవు. గొంతునే ట్రంపెట్ చేసుకున్నాడీయన. పిల్లలకు నచ్చుతుంది, పెద్దలు ముందు నవ్వుతారు."

చూస్తుండగానే రికార్డులు బయటికి వెళ్ళడం మొదలైంది. ఒక బస్సు డ్రైవరు గొడుగు అట్టను తీసుకెళ్ళి, తిరిగిస్తూ, "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి, కానీ ఈసారి కొంచెం ఏడిపించేది," అన్నాడు. మందుల షాపులో పనిచేసే అమ్మాయి వారానికి రెండు పట్టుకెళ్ళేది. ముందు గొంతున్నవి ఇవ్వాలనీ, ఆ గొంతు వినేవాళ్ళ చెయ్యి పట్టుకుని కొంతదూరం నడిపించాక వాద్యాలు మాత్రమే ఉన్నవి ఇవ్వాలనీ ఆయనకు మెల్లగా తెలిసివచ్చింది.

అప్పుడు చేతికొచ్చింది నీలం అట్ట రికార్డు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే, ఒక హోటలు హాల్లో పాడి, వాయించి తీసినది. చెమ్మ తగిలి పేర్లన్నీ చెరిగిపోయాయి. పాడినావిడ గొంతు పల్చన, తేట. మూడో పాట నడిమధ్యలో, ఒక మాట సగంలో, ఆ గొంతు ఠక్కున ఆగిపోయింది. కాసేపటి తర్వాత మళ్ళీ అందుకుంది. ఆయన చీటీ రాశాడు: "మూడో పాటలో గాయనికి ఊపిరి చాలలేదు. అయినా వదలకండి, తక్కినవన్నీ బాగున్నాయి."

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, అరవై దాటిన ఒకామె మెట్లెక్కి వచ్చి సరాసరి ఆయన బల్ల ముందు నిలబడింది. చేతులు మోచేతుల దాకా ఆవిరికి ఎర్రబడి ఉన్నాయి. నీలం అట్టను బల్ల మీద పెట్టి, చీటీ మీద వేలు ఉంచింది.

"ఇది రాసిందెవరండీ?"

"నేనేనమ్మా."

"నాకు ఊపిరి చాలలేదని మీకెవరు చెప్పారు?"

చీటీలాయన గతుక్కుమన్నాడు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చోవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ విభాగం చూసుకుంటుంది. ఆమె కింద పనిచేసే పిల్ల ఒకతి ఈ రికార్డు తీసుకెళ్ళి, సంచీలో పెట్టుకుని పనికి వచ్చిందట. సంచీలోంచి నీలం అట్ట కొస కనబడేసరికి ఈమె ఇస్త్రీ ఆపి దాన్ని బయటికి లాగింది. అది ఆమె పాడిన ఒకే ఒక్క రికార్డు. ఆమె దగ్గరున్న కాపీ ఇల్లు మారేటప్పుడు పోయింది.

"తప్పయిపోయిందమ్మా. ఆగిపోయారు కదా, అందుకని అలా అనుకున్నాను," అన్నాడాయన.

"అనుకుంటే అడగాలి, రాసెయ్యడమేనా?" అని, కోపం కొంచెం దిగాక, "ఒకసారి పెట్టండి. విని ఎన్నేళ్ళయిందో," అంది.

ఇద్దరూ చెరో హెడ్‌ఫోను పెట్టుకుని విన్నారు. మూడో పాట వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. గొంతు ఆగిన చోట ఆమె చూపుడువేలు గాల్లోకి లేచి, నాలుగు లెక్కపెట్టి, కిందికి దిగింది.

పాట అయిపోయాక తనే చెప్పింది. పియానో వాయించింది ఆమె అన్నయ్య. అప్పటికి ఏడాదిగా అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. హాలు సాయంత్రం దాకానే తమది. రెండోసారి పాడి రికార్డు చేయడానికి వ్యవధి లేదు. మూడో పాటలో అతని వేళ్ళు తడబడబోతున్నాయని ఆమెకు ముందే తెలిసిపోయింది, చిన్నప్పటి నుంచీ ఆ చేతుల పక్కనే పాడింది కనుక. అతను తప్పడానికి సరిగ్గా ఒక్క క్షణం ముందు తను ఆగిపోయింది.

"నేనాగితే అందరి చెవులూ నా వైపు తిరుగుతాయి. పియానో ఏం చేసిందో ఎవరికీ పట్టదు. అంతే నేను చేసింది," అంది. "అప్పట్లో పేపర్లో కూడా మీలాగే రాశారు, గాయనికి దమ్ము లేదని."

"మీ అన్నయ్యగారికి తెలుసా?"

"తెలియకేం. ఇంటికెళ్తూ బస్సులో పక్కనే కూర్చున్నాడు, దిగేదాకా మాట్లాడలేదు. దిగాక 'ఆకలేస్తోందా?' అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళకు పూర్తిగా వాయించడం మానేశాడు. నేనూ మానేశాను. వేరేవాళ్ళు వాయిస్తుంటే పాడాలనిపించలేదు."

చీటీలాయన కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఇప్పుడే మార్చి రాస్తానమ్మా, జరిగింది జరిగినట్టు."

"అయ్యో, వద్దు! పోయిన మనిషి తప్పు నేను బయటపెడతానా?"

"మరి పాతదే ఉంచనా?"

"అదెలా ఉంచుతారు? అది అబద్ధం కదా!"

నిజం రాయకూడదు, అబద్ధం ఉండకూడదు. ఆయన నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. వదిలేసి ఊరుకుందామంటే చెయ్యి ఒప్పుకోలేదు. ఆగిన ఆ చోటునే పదే పదే విన్నాడు. అలా వింటూంటే ఇదివరకు చెవికి తగలనివి తగలసాగాయి. గొంతు ఆగగానే బేస్ వెనక్కి చూడకుండా నాలుగడుగులు ఒంటరిగా వేసింది. పియానో ముందు ఒక్క వేలితో వచ్చింది, తర్వాత రెండు, తర్వాత చెయ్యంతా. అది నిలదొక్కుకున్నాకే గొంతు తిరిగి అందుకుంది. అప్పటిదాకా ఆయన గొంతు ఆగడమే విన్నాడు కానీ, అది పియానో కోసం ఎదురుచూడడం వినలేదు.

గురువారం సాయంత్రం పని ముగించుకుని ఆమె వచ్చినప్పుడు కొత్త చీటీ చూపించాడు. "మూడో పాట మధ్యలో గాయని ఆగుతుంది. ఎందుకని అడక్కండి. అందరూ ఒకరి కోసం ఒకరు ఎలా ఆగారో వినండి."

ఆమె రెండుసార్లు చదివింది. "'ఎందుకని అడక్కండి' కొట్టెయ్యి తమ్ముడూ. అడగనీ. చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు."

ఆయన ఆ ముక్క కొట్టేశాడు. "పోనీ, ఒకసారి ఇక్కడ పాడకూడదా అక్కా? పదిమందిని పిలుద్దాం."

"ఇప్పుడు నిజంగానే ఊపిరి చాలదు," అని ఆమె గట్టిగా నవ్వేసింది. బల్ల అవతల చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేది. ఆమె వినేది, ఎక్కడ ఏముందో చెప్పేది. ఆయన రాసేవాడు. డ్రమ్ముల మీద బ్రష్షులతో నిమిరినప్పుడు ఎలా ఉంటుందో, గాయని ఒక మాటను తాళం కన్నా వెనకబెట్టి అన్నప్పుడు అది పొరపాటు కాదనీ, కావాలని చేసిందేననీ ఆమె వల్లే ఆయనకు తెలిసింది.

సంవత్సరం ఆఖరు రానే వచ్చింది. చీటీలు పెట్టినవాటిలో డెబ్భై నాలుగు రికార్డులు బయటికి వెళ్ళివచ్చాయి. అధికారి వాటిని ఉంచుకోమని, మెట్ల పక్కన ఒక బీరువా ఇప్పించింది. తక్కినవాటికి ఆవిడ ఏమీ చేయలేకపోయింది. చీటీలాయనా వాదించలేదు. ఆ రోజు ఆయనే అట్టపెట్టెల్లో సర్దాడు, లాండ్రీ అక్కయ్య సెలవు పెట్టి వచ్చి సాయం చేసింది.

బండి రావడానికి ఇంకా గంట ఉంది. పోయే పెట్టెలోంచి ఆమె చేతికందిన రికార్డు ఒకటి తీసి పెట్టింది. రెండు నిమిషాలు విన్నారు.

"ఇది పోవాల్సిందే," అందామె. ఆయనా ఒప్పుకున్నాడు.

ఇంకోటి పెట్టారు. ఒక్క గిటారు, దానికి తోడుగా ఎక్కడో దూరంగా ఒక క్లారినెట్. మొదటి వైపు అయిపోయింది. ఆమె లేచి రెండో వైపు తిప్పింది. కింద బండివాడు హారన్ కొట్టాడు. చీటీలాయన కిటికీలోంచి, వస్తున్నామని చెయ్యి ఊపాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

పెట్టెలన్నీ దించేశాక, ఆ గిటారు రికార్డును ఆయన ఎవరినీ అడగకుండా బీరువాలో డెబ్భై నాలుగింటి పక్కన పెట్టాడు.

"దీని మీద ఏం రాయమంటావక్కా?"

"నన్నడుగుతావేం? నువ్వూ విన్నావుగా," అని ఆమె సంచీ అందుకుంది.