రత్నక్క అటక

మంచు కురిసి ఆగిన మర్నాడు మా వీధిలో అందరూ ముందు తమ డ్రైవ్‌వే చూసుకుంటారు. నేను పైకప్పులు చూస్తాను. ఇవాళ పొద్దున్న కూడా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, చల్లగా తగులుతుంటే అలాగే నిలబడి, ఎవరింటి మీద మంచు చెక్కుచెదరకుండా ఉందో, ఎవరింటి మీద కరిగి నల్లటి షింగిల్ పెంకులు బయటపడ్డాయో వరసగా చూశాను. ఈ అలవాటు నాకు అంటించింది రెండిళ్ళ అవతల ఉండే రత్నకుమారి గారు. చర్చిలో పెద్దా చిన్నా ఆవిడని రత్నక్క అనేవారు. నేను మాత్రం పట్టుబట్టి గారు అనేదాన్ని. అది గౌరవం అనుకునేవారు అందరూ. నిజానికి ఆవిడని దూరంగా ఉంచడానికి నాకు దొరికిన మర్యాదైన మార్గం అదొక్కటే.

అరోరా ఊళ్ళో ఈ పాత ఇల్లు కొన్న మొదటి చలికాలం, ఎంత మంచు పడినా సాయంత్రానికల్లా మా పైకప్పు మీద కరిగిపోయేది. చూరు నుంచి మంచు కడ్డీలు బారెడు పొడుగున వేలాడేవి. ఇల్లు అంత వెచ్చగా ఉందని నాకు గొప్ప. పిల్లల్ని ఆ కడ్డీల కింద నిలబెట్టి ఫొటోలు తీసి చర్చి గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో రత్నకుమారి గారు బూట్లు వేసుకుని వచ్చేసింది. పొట్టి మనిషి, గట్టిగా ముడివేసిన జుట్టు, కోటు జేబులో ఎప్పుడూ ఒక కొలత టేపు. ఒకసారి క్వయర్‌లో పాడుతూ చేతిరుమాలు తీయబోతే ఆ టేపే బయటికొచ్చి దొర్లింది.

"కరుణగారూ, పిల్లల్ని అక్కడ నిలబెట్టకండి, విరిగి మీద పడతాయి. మీ హీట్ అంతా పైకప్పు కింది అటకలోంచి లీక్ అయ్యి మంచుని కరిగిస్తోంది. ఫర్నేస్‌ని ఆకాశం కోసం రన్ చేస్తున్నారు మీరు," అంది.

ఆవిడ వెళ్ళాక వాకిట్లోకి వచ్చి చూశాను. ఆవిడ ఇంటి మీద మంచు అప్పుడే పరిచిన పక్కలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నగలు చూసి కుళ్ళుకున్నవాళ్ళని చూశాను, కార్లు చూసి కుళ్ళుకున్నవాళ్ళని చూశాను. మంచుని చూసి కుళ్ళుకున్నది బహుశా నేనొక్కదాన్నే.

మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు వేరే చర్చి హాలు అద్దెకు తీసుకుంటాం. అందుకని బిర్యానీ గుండిగలు, క్రిస్మస్ స్టార్, నాటకంలో గొర్రెల కాపరుల అంగీలు, అన్నీ రత్నకుమారి గారి అటక మీదే ఉండేవి. వాళ్ళాయన ఉద్యోగం కోసం వారంలో సగం వేరే ఊళ్ళో గడిపేవారు. ఆవిడే ఆఫీసు పని ముగించుకుని ఆ అటకని బాగుచేసుకుందని చెప్పుకునేవారు. ప్రతి క్రిస్మస్‌కీ పాస్టరు గారు, "రత్నమ్మగారి అటకని దేవుడు దీవించును గాక," అంటే అందరూ నవ్వుతూ ఆమెన్ అనేవారు. ఆ గుండిగల నిండా వండేది నేను. ఉల్లిపాయలు కోసి కళ్ళు వాచేది నాకు. దీవెన మాత్రం అటకకి. నేనూ ఆమెన్ అనేదాన్ని, కడుపులో మంటతోనే.

అంచేత ఒక క్రిస్మస్ అయ్యాక అందరి ముందూ అనేశాను, "ఈసారి సామానంతా మా ఇంట్లో పెడదాం. మా అటకా పెద్దదే."

రత్నకుమారి గారు నావైపు చూసి, "ఒకసారి పైకెక్కి చూడనా?" అంది.

"మా అటక సంగతి మాకు తెలీదా అండీ," అన్నాను.

తణుకులో మా అమ్మమ్మగారి అటక మీద ఇత్తడి కాగులు, బిందెలు, ఏడాదికి సరిపడా చింతపండు ఉండేవి. అటకన్నాక మోస్తుందని నా నమ్మకం. గుండిగల పక్కనే మా పాత గ్రైండరు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు కూడా ఎక్కించాం. నెల తిరక్కుండా హాల్లో సీలింగు సోఫా మీదికి పొట్టలా దిగింది. మధ్యలో పొడుగ్గా పగులు. మా ఆయన ప్రసాద్ ఫోను తీస్తుంటే, "ఎవరికైనా చెప్పు, ఆవిడకి మాత్రం చెప్పొద్దు," అన్నాను. కానీ మరుసటి ఆదివారం భోజనాలకి గుండిగ కావాలని ఆవిడే వచ్చింది. గుమ్మంలోంచే పైకి చూసింది.

"ముందు అందరూ ఈ గదిలోంచి బయటికి రండి," అంది. సామాను ఒక్కొక్కటీ కిందికి దింపించాక నా పక్కన మెట్ల మీద కూలబడింది. "ఇక్కడ ఈ దూలాలు సీలింగ్‌ని పట్టుకోడానికే వేస్తారు, బరువులు మొయ్యడానికి కాదు. ఫస్ట్ ఇయర్ నేనూ ఇలాగే పెట్టా. మా బెడ్‌రూమ్ సీలింగ్ కుంగింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

ఆ మాట విన్నాక నాకు కలిగినంత సంతోషం ఆ చలికాలంలో మరి దేనికీ కలగలేదు.

ఇంజనీరు చూసి బొమ్మ గీసిచ్చాడు, సిటీ పర్మిట్ ఇచ్చింది. సాయానికి ఆవిడే వచ్చింది. కింద జాకీలు పెట్టి కుంగిన దూలాలని కొద్దికొద్దిగా పైకెత్తాం. బరువు మోసేలా ఒక్కో పాత దూలానికి కొత్త చెక్క ఆనించి, జిగురు పూసి, మరలు బిగించాం. ఆవిడ ఒక చివర, నేను ఒక చివర. కాలు దూలం మీదే పెట్టాలి, పక్కన పెడితే సీలింగు చీల్చుకుని హాల్లో పడతాం. మాస్కులో ఊపిరి ఆడక, మోకాళ్ళు నొప్పెట్టి ఉన్నప్పుడు ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

"మీకు నేనంటే పడదు కదా?"

"పడదు," అన్నాను.

"పర్లేదు. మర వంకర పోతోంది, చూసుకోండి."

తర్వాత దీపాల చుట్టూ, పైపుల చుట్టూ ఉన్న సందులన్నీ గట్టిపడే నురుగుతో మూశాం. చూరు దగ్గర గాలి ఆడే దారి మూసుకుపోకుండా అట్టలు బిగించాం. సామాను కోసం మధ్యలో ఎత్తుగా చెక్కల అరుగు కట్టాం. చివరికి వేడిని ఆపే ఇన్సులేషన్ పీచు ఊదే మిషను అద్దెకి తెచ్చాం. కింద ఒకరు కాగితపు పీచు మిషన్లో వేస్తుంటే, పైన ఒకరు గొట్టం పట్టుకుని పరవాలి. గొట్టం ఆవిడదే అనుకున్నాను. ఆవిడ దాన్ని నా చేతికిచ్చింది.

"పైన నువ్వుండు. నీ ఇల్లు," అంది.

బూడిదరంగు పీచు నా చుట్టూ బూరుగుదూదిలా లేచి మెల్లగా దూలాల మీద వాలింది. కింద నుంచి, "అయిందా?" అని అరిచింది. "ఇంకొంచెం వెయ్యక్కా," అని నేనూ అరిచాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో తెలీదు, వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాతి మంచుకి మా పైకప్పు తెల్లగా నిలిచింది. ఆవిడ ఇంటి మీద కంటే ఒక పూట ఎక్కువే నిలిచింది. ఆవిడ వాకిట్లో నిలబడి రెండు పైకప్పులూ మార్చిమార్చి చూసి, "మీది ఉత్తరం వాలు కదా, ఎండ తగలదు, ఉంటుందిలే," అంది. ఆ గొంతులో సన్నగా కుళ్ళు వినబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

రత్నక్క ఇప్పుడిక్కడ లేదు. వాళ్ళాయనకి తను వెళ్ళొచ్చే ఊళ్ళోనే ఉద్యోగం స్థిరపడి, దక్షిణాన జార్జియాలో కమ్మింగ్‌కి వెళ్ళిపోయారు. గుండిగలు, స్టార్, అంగీలు అన్నీ ఆవిడ అటక దిగి మళ్ళీ మా అటక మీదికి చేరాయి. పాస్టరు గారు ఇప్పుడు మా అటకని దీవిస్తున్నారు. ఏళ్ళ తరబడి కోరుకున్నదే. వింటుంటే వేరేవాళ్ళ పేరు చదివినట్టుంటుంది.

నిన్న ఆవిడ ఒక వీడియో పంపింది. ఎవరిదో కొత్త అటక. గొట్టం పట్టుకుని ఒక అమ్మాయి, "ఇలాగేనా అక్కా?" అంటోంది. కింద నుంచి తెలిసిన గొంతు, "పైన నువ్వుండు. నీ ఇల్లు," అంటోంది. అక్షరం మారలేదు. నేను మూడుసార్లు చూశాను. ఆ అమ్మాయి ఎవరో కూడా నాకు తెలీదు, కానీ ఆ గొట్టం లాక్కోవాలనిపించింది. ఆ మాట నా ఒక్కదానికే అన్నదనుకుని ఇన్నేళ్ళూ దాచుకున్నాను మరి.

అందుకే ఇవాళ పొద్దున్నే వాకిట్లోకి వెళ్ళి, మా పైకప్పు ఫొటో తీసి రత్నక్కకి పంపాను. తెల్లగా, అంచుల దాకా, ఒక్క చోట కూడా కరగలేదు. కమ్మింగ్‌లో ఇంత మంచు పడదు. ఆ అమ్మాయి ఎంత బాగా పరిచినా చూపించుకోడానికి ఏమీ ఉండదు. చేతులు కొంకర్లు పోతున్నా ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి జవాబొచ్చింది.

"ఉత్తరం వాలు."